శుక్రవారం మాట

భిక్షం ఆ కంప్యూటర్ డబ్బాను పాత చీరలో మూటగట్టి, మోపెడ్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాడు. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద అరుణజ్యోతి నడుపుతున్న డీటీపీ సెంటర్ ముందు ఆగి, మూటను పసిబిడ్డను దించినట్టు రెండు చేతులతో దించాడు.

ఔటర్ రింగు రోడ్డు పడుతోందని చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఫామ్‌హౌస్ ప్లాట్ల కరపత్రాలు, పెళ్లి పత్రికలు, గచ్చిబౌలి కంపెనీల్లో ఉద్యోగాలకు పోయే పిల్లల బయోడేటాలు, అన్నీ అరుణజ్యోతి చేతుల మీదుగానే పోయేవి. టైపు మిషను నుంచి కంప్యూటర్‌కు మారిన దగ్గర్నుంచీ ఆమెకు తెలిసింది విండోస్ ఒక్కటే. కళ్లు మూసుకుని కూడా పని చేయగలదు. ఊళ్లో ఎవరి కంప్యూటర్ పాడైనా ఆమె దగ్గరికే తెస్తారు. అంతా చెరిపేసి, విండోస్ మళ్లీ వేసి ఇస్తుంది.

"ఇండ్ల ఉన్నదంత తుడిచెయ్యి బిడ్డా," అన్నాడు భిక్షం. "మంచిగ విండోస్ ఎయ్యి. మా అన్న మనుమడు సన్నీ చదువుకుంటనని అడుగుతున్నడు."

"ఎవరిది కాకా ఇది?"

"ప్రవళికది."

అరుణజ్యోతి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. భిక్షానికి ప్రవళిక ఒక్కతే కూతురు. వాళ్ల ఊరు కనకమామిడి నుంచి ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోయింది. హాస్టల్‌లో ఉండి, శనివారం శనివారం ఇంటికి వచ్చేది. అట్లా వస్తూనే పోయిన వానాకాలం రోడ్డు మలుపు దగ్గర తానెక్కిన షేర్ ఆటోను లారీ గుద్ది చనిపోయింది. ఆ రోడ్డు మీద దుకాణాల వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

"ఫోటోలు గిట్ల ఉంటయి కద కాకా. తీసి సీడీల ఏసిస్త."

"వద్దు. ఏం వద్దు." భిక్షం కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "పొద్దుమూకంగనే అది మాట్లాడ్తది బిడ్డా. ప్రవళిక గొంతే. వాళ్లవ్వకు, మా ఇంటామెకు, షుగరు. సూది ఏసుకునుడు యాది చేసేతందుకు పెట్టి పోయింది. నేను బంద్ చేస్తే కరెంటు రాంగనే దానంతల అదే లేస్తది. శుక్రవారం వచ్చిందంటె, రేపు నేనొస్త అంటది. మా ఇంటామె అది నమ్మి శనివారం పోయి బస్సు స్టేజి కాడ నిలబడ్తున్నది. మతి తప్పుతున్నది ఆమెకు. నలుగురు జూస్తున్నరు."

చివరి మాట నేల చూస్తూ అన్నాడు. ఎప్పుడిస్తావని కూడా అడగకుండా మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు.

అరుణజ్యోతి సాయంత్రం గిరాకీ తగ్గాక డబ్బాకు తీగలు తగిలించింది. ఆయన వద్దన్నా ఫోటోలు తీసి దాచాలని ఆమె మనసు. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పరుగెత్తాయి. తర్వాత మట్టిరంగు తెర ఒకటి వచ్చింది. కింద స్టార్ట్ బటన్ లేదు. మై కంప్యూటర్ లేదు. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అనే మాటే లేదు. చేయి ఎటు పోవాలో తెలియక మౌస్ మీదే ఆగింది. ఇన్నేళ్లలో అట్లా ఎన్నడూ జరగలేదు. పరాయి వాళ్ల వంటింట్లో ఉప్పు డబ్బా వెతుకుతున్నట్టుగా ఉంది.

ఇది లినక్స్ అని ఆమెకు అప్పుడు అర్థమైంది. కాలేజీ రోజుల్లో ప్రవళిక ప్రాజెక్టు కాగితాలు ప్రింట్ తీయించుకోవడానికి వచ్చి, వైరస్‌లతో అరుణజ్యోతి పడే పాట్లు చూసి నవ్వేది. "అక్కా, గీ తిప్పలన్ని ఎందుకు? లినక్స్ నేర్సుకో, నేను చెప్త," అనేది. "నా చేతులకు ఇదే అలవాటైంది చెల్లె, ఇంక మారయి," అనేది అరుణజ్యోతి.

ఆ మాటలు గుర్తొస్తుండగానే స్పీకర్లలో చిన్నగా గరగర వినిపించింది.

"అవ్వా, సూది ఏసుకున్నవా? ఏసుకున్నంకనే బువ్వ తిను."

అరుణజ్యోతి కుర్చీలోంచి లేచి నిలబడింది. జెరాక్స్ కోసం వచ్చిన ముసలామె ఒకరు చుట్టూ చూసి, "ఎవరమ్మా లోపల?" అని అడిగింది.

"ఎవరు లేరు," అంది అరుణజ్యోతి. గడియారం చూస్తే ఆరున్నర.

విండోస్ సీడీ డ్రాయరులోంచి తీసి పెట్టుకుంది. అది వేసి నాలుగు మీటలు నొక్కితే పని అయిపోతుంది. ఎన్నో కంప్యూటర్లకు చేసిన పనే. కానీ మర్నాడు కూడా ఆ సీడీ కవరులోనే ఉండిపోయింది. ఆ గొంతు డబ్బాలో ఎక్కడ ఉందో, ఎవరు లేపితే లేస్తోందో తెలియకుండా చెరపడానికి ఆమెకు చేతులు రాలేదు. తెలుసుకోవాలంటే లినక్స్ నేర్చుకోవాలి. నేర్పుతానన్న పిల్ల లేదు.

పక్కనున్న తన కంప్యూటర్‌లో ఇంటర్నెట్ తెరిచి, అందులో చదివింది ఇందులో చేసి చూడటం మొదలుపెట్టింది. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఆజ్ఞ టైపు చేయాలి. విండోస్‌లో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. ఇక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే అట్లాంటిది ఏదీ లేదని ముఖం మీద చెప్పేది. కొన్ని చోట్లకు పోబోతే అనుమతి లేదనేది. ఒకసారి తానే రాసిపెట్టుకున్న ఫైలును తుడిచి చూసింది. విండోస్‌లో అయితే చెత్తబుట్టలో వెతుక్కోవచ్చు. ఆ నల్లటి కిటికీలో తుడిచింది ఇక ఎక్కడా లేదు. అప్పటి నుంచి ప్రతి ఆజ్ఞనూ రెండుసార్లు చదువుకున్నాకే మీట నొక్కేది. ఒక్క మాట తప్పుగా టైపు చేస్తే ఆ పిల్ల గొంతు అట్లాగే పోతుంది.

అయినా ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఇక్కడ డ్రైవ్‌లు లేవు, అంతా ఒకే ఇల్లు, గదిలోంచి గదిలోకి పోవాలి. అట్లా పోతుంటే ఒకచోట "అవ్వ" అని తెలుగులో రాసి ఉన్న ఫోల్డర్ కనిపించింది. అరుణజ్యోతి దుకాణంలో తెలుగు అంటే ఫాంటు తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరాలే. ఆ ఫాంటు లేని చోట అంతా పిచ్చి గీతలు. ఇక్కడ ఏ ఫాంటూ వేయకుండానే అవ్వ అని ఉంది. లోపల వారాల పేర్లతో ఫైళ్లున్నాయి. అన్నిటికన్నా ముందు వాటిని సీడీలోకి ఎక్కించింది. తర్వాత ఆదివారం ఫైలు ఒక్కటి తెరిచి విన్నది.

"అవ్వా, ఇయ్యాల కోడికూర వండినట్టున్నవు. జర తక్కువ తిను. సూది మర్వకు."

నవ్వు దాచుకుంటున్న గొంతు. మిగతావి తెరవలేదు.

గొంతు దొరికింది. దాన్ని వేళకు లేపుతున్నది ఎవరో దొరకలేదు. ఇంటర్నెట్‌లో ఒకచోట ప్రశ్న రాసి పెడితే, ఏ దేశం వాడో జవాబిచ్చాడు. ఏ వేళకు ఏ పని చేయాలో లోపల ఒక టైం టేబుల్ ఉంటుందట. దాన్ని చూసే ఆజ్ఞ కూడా చెప్పాడు. టైపు చేస్తే బడి గోడ మీది టైం టేబుల్ లాంటిదే వచ్చింది. రోజుకు ఒక వరుస. ప్రతిదాంట్లో వేళ, వారం, వినిపించాల్సిన ఫైలు. శుక్రవారానికి మాత్రం రెండు వరుసలున్నాయి.

"దయ్యం కాదట, టైం టేబులట," అని ఆ రోజు భర్త యాదగిరికి చెప్పింది. ఆయన మొయినాబాద్ నుంచి చిల్కూరుకు ఆటో నడుపుతాడు. ఆ డబ్బాను తొందరగా ఇచ్చేయమని మొదటి నుంచీ పోరుతున్నాడు.

"టైం టేబుల్ అయితె మరి నువ్వెందుకు ఆరున్నరకు పని బంద్ పెట్టి కూసుంటున్నవు?" అన్నాడు యాదగిరి.

నిజంగానే ఆ వేళకు అరుణజ్యోతి చేతులు ఆగిపోతున్నాయి. గొంతు ఎందుకు వస్తోందో తెలిసిన తర్వాత కూడా, అది వచ్చే ముందు దుకాణంలోకి ఎవరో అడుగుపెట్టినట్టే ఉంటోంది. ఒకసారి "వస్తున్న చెల్లె," అని తనకు తెలియకుండానే పైకి అనేసింది.

శుక్రవారం వచ్చింది. ముందు సూది మాట వినిపించింది. కాసేపాగి రెండోది వచ్చింది.

"అవ్వా, రేపు శనివారం. నేనొస్తున్న. బాపును స్టేజి కాడికి రమ్మను. మర్సిపోతడు, మల్లొకసారి చెప్పు."

బాపును రమ్మను అంటోంది. తల్లిని కాదు. భిక్షం ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం దుకాణం మూసి, యాదగిరి ఆటోలో కనకమామిడికి బయల్దేరింది. భిక్షం భార్య జంగమ్మతో ఒక్కమాట చెప్పకుండా చెరపడం న్యాయం కాదనిపించింది. ఊరి స్టేజి దగ్గర మెహిదీపట్నం నుంచి వచ్చే బస్సు ఆగి ఉంటే యాదగిరి ఆటో నిదానం చేశాడు. రోడ్డు వారగా మోపెడ్‌కు స్టాండ్ వేసి భిక్షం నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బస్సు దిగుతున్న ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. చివరి మనిషి దిగాక, మెడ చాచి బస్సు లోపలికి కూడా చూశాడు. బస్సు కదిలిపోయింది. ఆయన కదల్లేదు.

కంప్యూటర్ ఆమె దుకాణంలో ఉంది. నిన్న ఆయన ఇంట్లో ఎవరూ రేపొస్తానని అనలేదు.

"ఆపకు," అంది అరుణజ్యోతి. యాదగిరి ఊళ్లోకి పోనిచ్చాడు.

జంగమ్మ వాకిట్లో కొత్తిమీర కట్టలు కడుతోంది. అరుణజ్యోతిని కూర్చోమని, చెంబుతో నీళ్లిచ్చి, తన పని తాను చేసుకుంటూ మొత్తం విన్నది.

"ఆయన చెప్పిండా, నేను పోతున్నని?"

"అవు చిన్నమ్మా."

"నేనెందుకు పోత బిడ్డా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "దాన్ని కడిగింది నేను. తలకాయకున్న కట్టు ఇప్పి, జడేసి, బొట్టు పెట్టిన. అది రాదని నాకు తెల్వదా?"

కట్ట ముడి వేసి గంపలో పెట్టింది.

"ఆయన దాని మొఖం జూడలే. ఆ శనివారం చీకటయ్యేదాంక స్టేజి కాడనే నిలబడ్డడు, బస్సు లేటయిందని. మనుషులు పోయి తోల్కొచ్చిండ్రు. బిడ్డను తెచ్చినంక ఇంట్లకు రాలే. మట్టి ఏసే కాడ మొఖం మీది బట్ట తీస్తమంటె వద్దన్నడు. అందరు ఏడ్చిండ్రు, ఆయన ఏడ్వలే. అప్పటిసంది శనివారం వస్తె బండి తీస్తడు."

"మరి కంప్యూటర్ తుడవమన్నడు కద?"

"ఆయనకు తెల్వదా ఏంది, ఇట్ల పోవుడు మంచిది కాదని? ఆ మాట పోతే పోవుడు బంద్ అయితదనుకున్నడు. నా పేరు చెప్పుకున్నడు, అంతే."

పక్క ప్లాటులో కట్టుకున్న పట్నం వాళ్ల కుక్క మొరుగుతోంది.

"అంత తుడవకు బిడ్డా," అంది జంగమ్మ. "సూది మాట ఉండని. అది చెప్పకుంటె నాకు యాదికుండదు. శుక్రవారం నాడు ఆయనకు చెప్పే మాట ఒక్కటి తీస్తవా? అట్ల అయితదా?"

"అయితది," అంది అరుణజ్యోతి. చేయగలనని అనేశాకగానీ తాను నేర్చుకున్నానన్న సంగతి ఆమెకు తెలియలేదు.

ఆ టైం టేబుల్‌లో ఒక వరుస ముందు అడ్డనిలువు గీతల గుర్తు ఒకటి పెడితే చాలు. కంప్యూటర్ ఆ వరుసను చదవకుండా దాటిపోతుంది. చెరపాల్సిన పని లేదు. ఫైలు ఫైలుగానే ఉంటుంది, పిలిచేవాళ్లుండరు. అరుణజ్యోతి ఆ గుర్తు పెట్టి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, భద్రపరిచే మీట నొక్కింది. ఎవరి నోటి మీదో చేయి అడ్డం పెట్టినట్టనిపించి, చాలాసేపు ఆ తెర ముందే కూర్చుండిపోయింది.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం అరుణజ్యోతి, యాదగిరి డబ్బాను అదే చీరలో మూటగట్టి కనకమామిడికి తీసుకెళ్లారు. లోపలి అర్రలో పాత బల్ల మీద పెట్టి తీగలు తగిలిస్తుంటే భిక్షం చేను నుంచి వచ్చాడు.

"తుడిచినవా?"

"లేదు కాకా. చిన్నమ్మ వద్దన్నది."

భిక్షం భార్య వైపు చూశాడు. కాళ్లు కడుక్కుని గడప దగ్గరి మంచం మీద కూర్చున్నాడు. అంతా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి పోదామని అరుణజ్యోతి ఆగింది. యాదగిరి బయట ఆటోలో ఉన్నాడు. దీపాలు పెట్టే వేళ అయింది.

"అవ్వా, సూది ఏసుకున్నవా? ఏసుకున్నంకనే బువ్వ తిను."

జంగమ్మ లేవలేదు. భిక్షం తల కొద్దిగా పక్కకు వంచి వింటూనే ఉన్నాడు. కంప్యూటర్‌లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన అట్లాగే ఉన్నాడు. రావాల్సిన మాట రాలేదు.

"ఇయ్యాల ఇంకో మాటున్నది కద," అన్నాడు.

"తీపిచ్చిన," అంది జంగమ్మ. "అది నీకు చెప్పే మాట. నేనే తీపిచ్చిన."

"ఎందుకు?"

"అది రాదు."

"తెలుసు నాకు."

"తెలిసి పోతున్నవా?"

"రమ్మంటున్నది కద," అన్నాడు భిక్షం. "పిల్ల రమ్మన్నంక పోకుంటె ఎట్ల? దిగి అటిటు జూస్తది."

జంగమ్మ లేచి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. అరుణజ్యోతికి బయటికి పోవాలంటే వాళ్లిద్దరినీ దాటుకుని పోవాలి. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. భిక్షం ఆమె వైపు తిరిగాడు.

"మొఖం ఎట్లుండె?"

"మంచిగనే ఉండె."

"నిజం చెప్పు."

"కుడిదిక్కు చెంప గీసుకపోయింది. నొసటి మీద దెబ్బ. కండ్లు మూసే ఉండె." జంగమ్మ ఆగింది. "అందరు నిద్రపోతున్నట్టున్నది అన్నరు. అట్ల లేదు. నిద్రపోతే నోరు తెర్సుకుంటది కద అది. నోరు మూసుకున్నది."

భిక్షం తల ఊపాడు. మొదట మామూలుగానే ఊపాడు. తర్వాత ఆ ఊపు ఆగలేదు. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగాడు. గొంతులోంచి వచ్చిన శబ్దం ఏడుపులా లేదు, బరువు ఎత్తుతున్న మనిషి మూలుగులా ఉంది. జంగమ్మ ఆయన పాదం మీద చేయి వేసి కూర్చుంది. ఏడవద్దని అనలేదు.

అరుణజ్యోతి గోడ వెంబడి నడిచి బయటపడింది. యాదగిరికి కూడా వినిపించినట్టుంది. ఆటో స్టార్ట్ చేయలేదు. ఇద్దరూ కలిసి దాన్ని బజారు దాకా తోసుకుంటూ వెళ్లారు.

ఎండలు ముదిరేసరికి అరుణజ్యోతి దుకాణంలో ఒక కంప్యూటర్‌కు లినక్స్ ఎక్కింది. పెళ్లి పత్రికలు ఇంకా పాతదాంట్లోనే చేసేది. మిగతా పనికి చేయి కొత్తదాని మీదికే పోయేది. కరెంటు కోతలు ఎక్కువైన ఒకరోజు భిక్షం వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. మనిషి చిక్కాడు, ముఖం మాత్రం తేటగా ఉంది.

"బిడ్డా, దానికి యాళ్ల తప్పింది," అన్నాడు. "ముందు ఎనిమిదికి చెప్పింది. తర్వాత అందరం పండుకున్నంక. మొన్న తెల్లారుజామున మోటరు పెడదామని పోతుంటె ఎనకకెల్లి పిలిచింది, సూది ఏసుకున్నవా అని."

"భయపడ్డవా కాకా?"

"లే. ఇంక తెల్లారలే బిడ్డా, లేచినంక ఏసుకుంటది అని చెప్పిన." ఆయన కొద్దిగా సిగ్గుపడ్డాడు. "మీ చిన్నమ్మ ఇప్పుడు గోడ గడియారం జూసే ఏసుకుంటున్నది. దానికి ఫికర్ లేదు."

అరుణజ్యోతికి అర్థమైంది. లోపలి బ్యాటరీ అయిపోవచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా దాని గడియారం ఆగిపోయి, వచ్చినప్పుడు ఆగిన దగ్గర్నుంచే నడుస్తోంది. డ్రాయరు తీసి బిళ్ల బ్యాటరీ ఒకటి ఆయన ముందు పెట్టింది.

"ఇది మారిస్తె మంచిగైతది. మల్ల రోజు ఆరున్నరకే చెప్తది."

భిక్షం దాన్ని తీసుకోకుండా చూశాడు.

"మార్చకుంటె?"

"కోతలు పడ్డకొద్ది ఇంకింత లేటయితది. తెల్లారుజాము పోయి ఎండపొద్దు అయితది. తర్వాత పగటీలి, పన్నెండు దాటినంక."

భిక్షం లేచాడు.

"పగటీలి నేను బువ్వకు ఇంటికొస్త," అన్నాడు. "జర ఉండనియ్ బిడ్డా అట్లనే."